స్వభావం లేని సొత్తు

జగ్గయ్యపేట దగ్గర ధనబోడు అనే గుట్ట మీద ఒక పాత బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయి. అక్కడ దొరికిన బుద్ధ విగ్రహం కింద చెక్కిన శాసనం, దాన్ని నిలిపినవాడు జయప్రభాచార్యుని శిష్యుడు చంద్రప్రభుడనీ, ఆ జయప్రభుడు భదంత నాగార్జునాచార్యుని శిష్యుడనీ చెబుతుంది. లిపిని బట్టి చూస్తే అది మూలమధ్యమకకారికలు అనే గ్రంథం రాసిన బౌద్ధ తాత్త్వికుడు నాగార్జునుడికి శతాబ్దాల తరవాతిది. పేరు ఒకటే అయినా మనిషి వేరని పండితుల మాట. అయినా కృష్ణ ఒడ్డున ఆ పేరు ఎంతకాలం నిలిచిందో చెప్పడానికి ఆ పీఠం చాలు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల, నందిగామ దాకా, మెట్ట పొలాల్లో పత్తి వేస్తారు. ఆ పత్తి గింజలోని ఒక జన్యువు ఎవరిదన్న తగాదా ఢిల్లీ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, తేలకుండానే ముగిసింది. ఒక పక్క అమెరికా కంపెనీ మోన్‌శాంటో, ఇంకో పక్క ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్న నూజివీడు సీడ్స్. ఆ తగాదా ఎందుకు తేలలేదో న్యాయశాస్త్రం కంటే నాగార్జునుడే బాగా చెబుతాడని నా నమ్మకం. 2023 జూన్ 1న ఐరోపాలో తలుపులు తెరిచిన ఏకీకృత పేటెంటు కోర్టు అమెరికా కంపెనీలను ఎందుకు ఊరిస్తోందో, ఎందుకు భయపెడుతోందో కూడా ఆయన వెలుగులోనే తేటపడుతుంది.

నాగార్జునుడు చెప్పినదాన్ని నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే ఇది: ఏ వస్తువుకూ దేని మీదా ఆధారపడకుండా తనంత తానుగా ఉండే స్వభావం లేదు. కారణాలు కలిస్తే పుడుతుంది, భాగాలు కూడితే నిలుస్తుంది, మనిషి పేరు పెడితే ఫలానాది అవుతుంది. అలాగని లోకవ్యవహారమంతా బూటకమని ఆయన అనలేదు. పదిమందీ ఒప్పుకుని నడుపుకునేది సంవృతి సత్యం. ఆ ఒప్పుకోలును విప్పి చూస్తే తెలిసేది పరమార్థ సత్యం. రెంటినీ కలగాపులగం చేసేవాడికే చిక్కులన్నీ. పేటెంటు విషయంలో మనం సరిగ్గా ఆ పొరపాటే చేస్తాం. మేధో సంపత్తి అనే మాట వాడీ వాడీ, ఆ సొత్తు కనిపెట్టిన వస్తువు లోపలే ఉందనుకుంటాం. నిజానికి అది ఒక రాజ్యం ఇచ్చిన మాట: ఇరవై ఏళ్లు నీ అనుమతి లేకుండా ఇంకొకరు దీన్ని చెయ్యకుండా ఆపుతాను, బదులుగా నీ రహస్యం లోకానికి రాసివ్వు అని. సొత్తు వస్తువు లోపలే ఉంటే, వస్తువు ఎక్కడికి పోతే సొత్తూ అక్కడికి పోవాలి. పోతుందా?

పోదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బోమన్ అనే రైతు ధాన్యపు కొట్లో కలగలుపు సోయా గింజలు కొని రెండో పంటగా వేశాడు. వాటిలో ఎక్కువ భాగం మోన్‌శాంటో జన్యువున్న గింజలే. కలుపు మందు కొట్టి, చావని మొక్కల నుంచి మళ్లీ విత్తనం తీసుకున్నాడు. గింజ తనంతట తానే మొలిచి తనలాంటివాటిని పుట్టించుకుంటే తప్పు నాదెలా అవుతుందని వాదించాడు. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం పండిన పంటలోంచి విత్తనం దాచుకోవడం, మళ్లీ వేసుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కు అంటుంది. పేటెంటు చట్టంలోని 3(జె) సెక్షను ఇంకో మెట్టు ఎక్కి, మొక్కలు, వాటి భాగాలు, విత్తనాలు అసలు ఆవిష్కరణలే కావంటుంది. ఇక్కడే నూజివీడు తగాదా పుట్టింది. లైసెన్సు రుసుము గొడవ మీద మోన్‌శాంటో పక్షం 2015లో నూజివీడుతో ఉన్న ఒప్పందాన్ని రద్దు చేసింది. 2017లో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ రద్దు చెల్లదంది, పేటెంటును మాత్రం కొట్టెయ్యలేదు. 2018 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అసలు పేటెంటే చెల్లదంది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు, సాక్ష్యాలు విచారించకుండా అలా తేల్చడం కుదరదని కేసును వెనక్కి పంపింది. ఆ ఏడాది నవంబరుకే పేటెంటు గడువు తీరింది. 2021లో ఉభయులూ రాజీపడ్డారు. విత్తనంలోకి చేరిన జన్యువు విత్తనమా, రసాయనమా అన్న ప్రశ్నకు చివరి జవాబు రానే లేదు. ఒకే రకం సొత్తు ఒక దేశంలో ఇనుపగోడ, ఇంకో దేశంలో తేలని ప్రశ్న. సొత్తుకు స్వభావం లేదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇంకో రుజువు ఇంటి పక్కనే ఉంది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు పేరు. ఆ చుట్టుపక్కల తెగిన వేలికి పసుపు అద్దని ఇల్లు ఉండదు. 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పసుపుతో గాయం మాన్పే పద్ధతికి అమెరికా పేటెంటు తీసుకుంది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి అభ్యంతరం చెప్పి 1997లో దాన్ని రద్దు చేయించింది. దేని బలంతో గెలిచిందంటే, పాత సంస్కృత గ్రంథాల భాగాలతో, 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసంతో. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ దేశం బయట జనం వాడుకలో ఉన్నదాన్ని ‘తెలిసినది’గా లెక్కపెట్టరు, అచ్చులో ఉంటేనే లెక్క. దుగ్గిరాల వంటింట్లో తరతరాలుగా జరుగుతున్నది జ్ఞానమే, కానీ ఆ చట్టం కంటికి ఆనదు. 2013లో ఆ నియమం మారి బయటి దేశాల వాడుక కూడా లెక్కలోకి వచ్చింది. పసుపు గుణం మాత్రం ఈ మధ్యలో ఏమీ మారలేదు. మన తార్కికులు ఏది ప్రమాణం, ఏది కాదని శతాబ్దాలు తగాదా పడ్డారు. ఒక రాజ్యం మరో రాజ్యపు ముసలమ్మ మాటను శబ్దప్రమాణంగా ఒప్పుకోకపోవడం వాళ్లకు కూడా కొత్త సంగతే అయ్యేది.

ఇక ఐరోపా. మ్యూనిక్‌లోని పేటెంటు కార్యాలయం పేటెంటు ఒక్కటే ఇచ్చినా, ఇచ్చిన మరుక్షణం అది దేశానికొకటిగా చీలిపోయేది. తగాదా వస్తే దేశదేశానా కేసు. 1980ల చివర రెమింగ్టన్ అనే అమెరికా కంపెనీ ఆడవాళ్లు రోమాలు తీసుకునే యంత్రం ఒకటి అమ్మింది. అదే పనికి ఇంకొకరి పేటెంటున్న పరికరంలో గిరగిర తిరిగే చుట్టల స్ప్రింగు రోమాన్ని పట్టి లాగుతుంది. రెమింగ్టన్ దాని బదులు గాట్లు పెట్టిన రబ్బరు కడ్డీ పెట్టింది. పేటెంటు అదే, యంత్రం అదే. ఉల్లంఘన కాదని లండన్ కోర్టు, ఉల్లంఘనేనని జర్మనీ కోర్టు తీర్పిచ్చాయి. రబ్బరు కడ్డీ స్ప్రింగుతో సమానమా కాదా అన్నది కడ్డీని చూస్తే తెలియలేదు. ఎవరు చూశారన్న దాన్ని బట్టి తెలిసింది. ఏకీకృత కోర్టు వచ్చింది ఈ చీలికను మాన్పడానికే. ఇప్పుడు 18 దేశాలకు ఒకటే తీర్పు. స్పెయిను, పోలెండు రాలేదు. బ్రిటన్ 2020లోనే తప్పుకుంది.

అమెరికా కంపెనీలకు ఇది రెండు వైపులా పదునున్న కత్తి. టెన్‌ఎక్స్ జీనోమిక్స్, నానోస్ట్రింగ్ రెండూ అమెరికా కంపెనీలే, కొట్లాడింది మ్యూనిక్‌లో. 2023 సెప్టెంబరులో ఏకీకృత కోర్టు మ్యూనిక్ విభాగం నానోస్ట్రింగ్ పరికరాన్ని అమ్మకుండా అప్పటి సభ్య దేశాలన్నిటికీ కలిపి ఒక్క ఉత్తర్వుతో ఆపింది. 2024 ఫిబ్రవరి మొదట్లో నానోస్ట్రింగ్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. అదే నెల 26న లక్సెంబర్గ్‌లోని అప్పీలు కోర్టు, ఆ పేటెంటు చెల్లకపోయే అవకాశమే ఎక్కువని ఆ ఉత్తర్వును రద్దు చేసింది. పేటెంటున్నవాడికి ఒక్క దెబ్బతో ఖండమంతా దక్కుతుంది, ఒక్క దెబ్బతో ఖండమంతా పోతుంది. డెల్టాలో ఇది కొత్తగా చెప్పాలా? కాలువ తూము దగ్గర లస్కరు తలుపు ఎత్తితే బోదెలో నీళ్లు పారతాయి, దించితే ఆగిపోతాయి. వంతు ఉన్న రైతుకు దక్కేది ఆ పూట నీళ్లే. కృష్ణ అతనిది కాదు. పేటెంటు కూడా వంతే, ఇరవై ఏళ్ల వంతు. ఐరోపాలో ఇన్నాళ్లూ పిల్లకాలువకొక తూము ఉండేది, ఇప్పుడు పెద్ద కాలువ మీద ఒకటే షట్టరు పెట్టారు.

దీనికి మొదటి అభ్యంతరం ముందే వినిపిస్తోంది: సొత్తుకు స్వభావమే లేకపోతే దొంగతనంలో తప్పేముంది? కష్టపడి కనిపెట్టినవాడి నోట మట్టి కొట్టే సిద్ధాంతం కాదా ఇది? నాగార్జునుణ్ణి ఆయన కాలం వాళ్లూ ఇలాగే నిలదీశారు, అంతా శూన్యమైతే ధర్మమూ సంఘమూ ఏమవుతాయని. ఆయన జవాబు నేరుగా ఎదురు తిరుగుతుంది: మార్పులేని స్వభావం ఉంటేనే ఏదీ జరగదు, ఏదీ పుట్టదు, ఆధారపడి ఉండటం వల్లే వ్యవహారం నడుస్తుంది. వంతు మన ఒప్పందమే కదా అని పక్కవాడి వంతు మళ్లించుకుంటే డెల్టాలో ఊరుకుంటారా? ఒప్పందమని తెలియడం దాన్ని తెంచడానికి కాదు, ఎంతదాకా చెల్లుతుందో తెలుసుకోవడానికి. పత్తిలోని ఆ జన్యువు మాతృక మట్టిలో ఉండే ఒక బాక్టీరియా. దాన్ని 1901లో జపాన్‌లో ఇషివాతా చచ్చిన పట్టుపురుగుల్లో చూశాడు, తరవాత జర్మనీలో బెర్లినర్ పేరు పెట్టాడు. జన్యువును పత్తిలోకి ఎక్కించింది కంపెనీ, మన సంకరాల్లో కలిపి అమ్మింది విత్తన సంస్థలు, మొలిపించింది రైతు. కంపెనీ చేసిన పని చిన్నది కాదు. దానికి దక్కాల్సింది దక్కాలి, వంతు ప్రకారం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అంతా ఒప్పందమే అయితే ఏ ఒప్పందమైనా ఒకటేనా? బలవంతుడు రాసిందే సత్యమా? ఒకటి కాదు. పొలం ఎండినవాడు పంచాయితీలో మాట్లాడగలిగాడా అన్నది ఒప్పందానికి కొలత. వేప కేసు చూడండి. అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి వేప నూనెతో శిలీంధ్రాన్ని అరికట్టే పద్ధతికి తీసుకున్న ఐరోపా పేటెంటును మ్యూనిక్ కార్యాలయం 2000లో రద్దు చేసింది, 2005లో అప్పీలూ కొట్టేసింది. భారతీయ సాక్ష్యంతోనే గెలిచిన కేసు అది. కానీ అభ్యంతరం నమోదైన 1995 నుంచి చివరి మాట దాకా పదేళ్లు పట్టింది. అంత ఓపిక, అంత ఖర్చు వందమందిలో ఎందరికి? నీళ్ల తగాదాలో డెల్టాకు బచావత్ ట్రిబ్యునల్ దొరికింది. 1973లో అది ముందునుంచీ వాడుకలో ఉన్న నీటికి రక్షణ ఇచ్చింది. కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు ఆ లెక్కన వచ్చినవే. శివారు రైతు అక్కడ స్వయంగా నిలబడకపోయినా అతని పాత వాడుక నిలబడింది. ఐరోపా కోర్టులో దుగ్గిరాల వంటిల్లు అంత సులువుగా నిలబడుతుందా అంటే నాకు అనుమానమే. కోర్టు పరిధి పెరగడం వేరు, వినే చెవి పెరగడం వేరు. మొదటిదాన్నే చూసి రెండోది కూడా జరిగిపోయిందని సంబరపడేవాళ్లు ఐరోపాలో తక్కువేం లేరు.

నాగార్జునుడికి పేటెంట్లు అంటగట్టడం అన్యాయమనేవాళ్లూ ఉంటారు. ఒప్పుకుంటాను, ఆయనకు కావలసింది విముక్తి, వ్యాజ్యం కాదు. కానీ ఆయన చెప్పింది నిజమని కంపెనీలే ఒక కాగితంతో ఒప్పుకుంటున్నాయి. ఏకీకృత కోర్టుకు తొలి ఏడేళ్లు మధ్యంతర గడువు ఉంది; ఈలోగా పాత పద్ధతి పేటెంటు ఉన్నవాళ్లు మా పేటెంటు మీ పరిధిలోకి రాదని నమోదు చేసుకోవచ్చు. లక్షల పేటెంట్లను అలా బయట పెట్టారు, అమెరికా కంపెనీలు కూడా. ఒక్క తీర్పుతో పోతుందని భయపడిన పేటెంటును బయట పెడతారు, పోటీవాడి మీదికి ఉసిగొల్పాలనుకున్నదాన్ని లోపల ఉంచుతారు, ఒకే కంపెనీ, ఒకే రోజు. తరవాత మనసు మారితే ఒకసారి వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది, ఆలోగా ఏదైనా దేశపు కోర్టులో కేసు పడకుండా ఉంటే.