తెలీదు అని చెప్పే మర్యాద

హైదరాబాదులో ఎవరినైనా దారి అడిగి చూడండి. "నాకు తెలీదండీ" అనేవాళ్ళు తక్కువ. తెలిసినా తెలియకపోయినా చెయ్యి ఏదో ఒక వైపు లేస్తుంది. "సీదా పోయి లెఫ్ట్ తీస్కో" అనే మాట వచ్చేస్తుంది. తెలియకుండా దారి చెప్పినవాడు అబద్ధం ఆడినట్టేనా?

కాదనే అనిపిస్తుంది. మోసం చేసే ఉద్దేశం లేదు కదా. పైగా అందులో ఉన్నది మంచితనమే. అడిగిన మనిషిని ఉత్తచేతులతో పంపడం మనకి చిన్నతనం.

కాంట్ 1797లో రాసిన ఒక వ్యాసంలో, మన స్నేహితుణ్ణి చంపడానికి వెతుకుతున్నవాడు అడిగినా సరే, అబద్ధం చెప్పకూడదన్నాడు. అంత కఠినమైన లెక్కకి కూడా మన దారి చెప్పేవాడు దొరకడు. ఆ క్షణానికి అటే అయ్యుంటుందని అతనూ నమ్ముతాడు. కానీ అతని అబద్ధం దారి గురించి కాదు, తన గురించి. "నాకు తెలుసు" అన్న మాట ఆ ఎత్తిన చేతిలోనే ఉంది.

దాని ఖరీదు ఎవరు కడతారు? ఊరి నుంచి వచ్చి ఇమ్లీబన్‌లో బస్సు దిగిన ఒక పెద్దాయన పంజాగుట్టలోని నిమ్స్‌కి వెళ్ళాలనుకుందాం. మియాపూర్ వైపు వెళ్ళే మెట్రో ఎక్కితే, రైలు మారకుండా పంజాగుట్టలో దిగొచ్చు. ఎవరో "అమీర్‌పేటలో మారాలి" అంటే ఆయన నమ్ముతాడు. అమీర్‌పేట నిజంగానే రైలు మారే స్టేషను మరి. దిగాల్సిన చోటు దాటిపోయి, మెట్లెక్కి దిగి, ఆయన ఆస్పత్రికి చేరేసరికి ఓపీ టైము అయిపోవచ్చు. చెప్పినవాడికి మాత్రం ఈ సంగతి ఎప్పటికీ తెలీదు. సాయం చేశానన్న తృప్తితో ఇంటికి పోతాడు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక నియమం ఉంది. అడిగిన విలువ దొరక్కపోతే ప్రోగ్రాము ఎర్రర్ ఇవ్వాలి, ఏదో ఒక అంకె ఇవ్వకూడదు. ఎర్రర్ వస్తే ఇంకో చోట వెతుక్కుంటాం. తప్పు అంకె సరైన అంకెలాగే కనిపిస్తుంది, దాని మీద ఇంకో పది లెక్కలు కట్టేస్తాం.

ఫోన్లో మ్యాప్ ఉండగా ఈ గొడవంతా ఎందుకు అంటారేమో. మ్యాప్ చూడగలిగినవాళ్ళు మనుషుల్ని అడగడం చాలావరకు మానేశారు. ఇంకా అడుగుతున్నది చదువు రానివాళ్ళు, పెద్దవాళ్ళు, చార్జింగ్ అయిపోయినవాళ్ళు. మనం చెప్పింది నిజమో కాదో సరిచూసుకునే వీలు వాళ్ళకే తక్కువ. అంటే మన బాధ్యత తగ్గలేదు, పెరిగింది.

అలాగని మొహం తిప్పుకుని "తెలీదు" అనేసి పోవడం కూడా మర్యాద కాదు. "స్టేషన్ ఎటు?" అన్నవాళ్ళని "ఏ స్టేషను? నాంపల్లా, సికింద్రాబాదా, కాచిగూడా?" అని తిరిగి అడగొచ్చు. "నాకు తెలీదు, ఆ ఆటోవాళ్ళకి తెలుస్తుంది, అడుగుదాం రండి" అనొచ్చు. దీనికి ఓ రెండు నిమిషాలు పడుతుంది. చెయ్యి చూపించడానికి రెండు సెకన్లు చాలు. మనం దాచుకుంటున్నది ఆ రెండు నిమిషాలే.