శిశువృద్ధి – వైద్యధర్మం

వృద్ధిక్షయాలు దేహధారులందరికీ సహజాలు. క్షయాన్ని గుర్తించే విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. నెరసిన శిరస్సు, వంగిన నడుము తమ కథ తామే చెప్పుకుంటాయి. వృద్ధి మౌనంగా సాగుతుంది, మౌనంగానే మందగిస్తుంది. అనుదినమూ బిడ్డను ఎత్తుకొనే తల్లికి సైతం ఆ మాంద్యం కానరాదు. కనుకనే బాలదేహాన్ని కొలిచి, లిఖించి, మాసాలు గడిచాక మరల కొలిచి, పూర్వాపరాలు సరిచూసే భారం వైద్యునిపై పడింది. ఈ ధర్మం ఎరుగని వైద్యుడు లేడు. జ్వరమూ దగ్గూ చూసి పంపే తొందరలో దీనిని మరచినవారు మాత్రం అనేకులు.

ఫ్రాన్సు దేశంలో మోంబెయార్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1759లో తనకు జన్మించిన కుమారుని ఎత్తును ఇంచుమించు ఆరేసి నెలలకొకమారు కొలుస్తూ, 1777 వరకు ఆ వ్రతాన్ని విడువలేదు. మరో ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ తన మహాగ్రంథంలో ప్రకటించిన ఆ కొలతలను వృద్ధిశాస్త్రం నేటికీ ఉదాహరిస్తుంది. ఆ తండ్రికి ఎక్స్‌రే లేదు, హార్మోను పరీక్ష లేదు. ఉన్నవల్లా కొలబద్ద, ఓర్పు.

శిశువు తొలి ఏట సుమారు 25 సెంటీమీటర్లు, మలి ఏట సుమారు 12 సెంటీమీటర్లు ఎదుగుతాడు. ఆపై వేగం తగ్గుతూ వచ్చి, బాల్యంలో ఏటికి సుమారు అయిదారు సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా సాగి, యౌవనారంభంలో మరల వేగం పుంజుకుంటాడు. ఇది ప్రకృతి నడిపే క్రమం. పొట్టి తలిదండ్రులకు పుట్టి, వృద్ధిపటంలో తన రేఖ తాను తప్పక ఎదిగే బిడ్డ పొట్టివాడైనా సాధారణంగా ఆరోగ్యవంతుడే. నిన్నటిదాకా నడిమి ఎత్తున ఉండి, రేఖ వెంట రేఖ దాటి కిందికి జారే బిడ్డ చూపులకు పొట్టిగా కనబడకపోయినా విచారించదగినవాడు. నాలుగేళ్లు దాటి, యౌవనం ఇంకా రాని బిడ్డ ఏటికి 4 సెంటీమీటర్లయినా ఎదగకపోతే లోపల ఏదో కారణం దాగి ఉండవచ్చు: థైరాయిడ్ మాంద్యం, గోధుమలు పడని పేగు వ్యాధి, మూత్రపిండాల దోషం, ఆడపిల్లలలో టర్నర్ సిండ్రోమ్, అరుదుగా పిట్యూటరీ గ్రంథిని నొక్కే కణితి. అకాల యౌవనం మరింత మాయావి. తోటివారిని మించి ఎదిగే ఎనిమిదేళ్ల బాలికను చూసి ఇల్లంతా మురిసిపోతుంది. ఎముకలు ముందే ముదిరి, కడపట ఆమే పొట్టిగా మిగిలిపోవచ్చు.

కొలవడం అల్పమైన పని అని తలచేవారు వైద్యవిద్యలోనూ ఉన్నారు. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, ఒకరు శిరస్సు పట్టగా వేరొకరు మోకాళ్లు చాచి పాదాలు నిలిపి కొలవాలి. పెద్ద బిడ్డను చెప్పులు విడిపించి, కొప్పు విప్పించి, మడమలు ఆన్చి, చూపు సమంగా నిలబెట్టి కొలవాలి. ఒక్క సెంటీమీటరు తప్పు ఉన్న వ్యాధిని దాచగలదు, లేని వ్యాధిని పుట్టించగలదు. అంగన్‌వాడీ కార్యకర్త నెలనెలా తూచి పటంలో చుక్క పెడుతుంది; ఆ పటం విప్పి చూడకుండానే మందుచీటీ రాసే పండితునికంటె ఆమె ధర్మానికి చేరువగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన శిశువృద్ధి ప్రమాణాలకు ఢిల్లీ శిశువులు కూడా ఆధారం. తగిన పోషణతో పెరిగిన ఆరు దేశాల బిడ్డలు అయిదేళ్ల వరకు దాదాపు ఒకే తీరున ఎదిగారని ఆ ప్రమాణాలకు మూలమైన అధ్యయనం తేల్చింది. మన పిల్లలు ఇంతేనని చెప్పి తప్పుకొనే దారి దానితో మూసుకుపోయింది.

ఎదుగుదలకు కాలం ఉంది, ఆ కాలానికి హద్దు ఉంది. పుట్టుకతో థైరాయిడ్ కొరవడిన శిశువుకు తొలి వారాలలోనే ఔషధం అందకపోతే బుద్ధి కుంటుపడుతుంది. ఎముకల చివరలు కలిసిపోయాక ఏ మందూ ఎత్తును ఇవ్వలేదు. అదను దాటిన సేద్యం వంటిదే ఆలస్యమైన వైద్యం. తండ్రి పోలికేలే అని ఊరడించి పంపిన మాట ఆ బిడ్డకు జీవితకాలపు లోపంగా పరిణమించవచ్చు.

అయితే త్వర వేరు, తొందర వేరు. మృతుల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసిన వృద్ధి హార్మోనును 1958 మొదలు ఎందరో బాలలకు ఇచ్చారు. దానిని పొందినవారిలో కొందరు ఏళ్ల తరువాత ప్రాణాంతకమైన మెదడు వ్యాధితో మరణించారని 1985లో బయటపడింది. నేడు కృత్రిమ హార్మోను కావలసినంత లభిస్తున్నది. కనుకనే నిగ్రహపు అవసరం అంతకంతకూ పెరిగింది. ఆలస్యంగా ఎదిగిన తండ్రికి ఆలస్యంగా ఎదిగే కుమారుడు పుట్టడం వింత కాదు. అతనికి తరచు కావలసింది వేచి చూసే వైద్యుడే. కనుక గురువులు శిష్యుని చేతికి ముందుగా కొలబద్దను ఇవ్వాలి. ఒకే బిడ్డను, ఒకే సాధనంతో, ఆరు మాసాల ఎడంతో రెండుమార్లు కొలిపించాలి. వేరే ప్రమాద లక్షణాలు లేనప్పుడు, ఆ రెండో కొలత పటంలో చేరేవరకు నిర్ణయం పలకకుండా నిలువరించాలి.