సిలిండర్ మీద సంతకం

ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలిని వీపున కట్టుకుంటే నీళ్లలో ఇంకా లోతుకు దిగవచ్చని మావైపు చాలామంది అనుకుంటారు. ప్రత్తిపాడులో అడిగినా అదే మాట, చిలకలూరిపేటలో అడిగినా అదే మాట. నిజం దీనికి సరిగ్గా ఎదురు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. దాన్ని 32కు పెంచిన నైట్రాక్స్‌తో 33 మీటర్లు దాటి దిగకూడదు. 36 శాతమైతే 28 మీటర్లే. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి పీల్చేందుకు 50 శాతం మిశ్రమం తీసుకెళ్తారు, దాన్ని 21 మీటర్ల దాకా పైకి వచ్చాకే నోటికి అందుకోవాలి. కల్తీలేని ఆక్సిజన్‌కైతే 6 మీటర్లే హద్దు. మా మెట్ట పొలాల్లో పాత దిగుడుబావులు అంతకంటే లోతుంటాయి.

ప్రాణవాయువు పెరిగేకొద్దీ మనిషి పైపైనే ఉండాలి. అడ్వాన్స్‌డ్ నైట్రాక్స్ డైవింగ్ శిక్షణలో నన్ను పట్టుకుని వదలని సంగతి ఇదే.

కారణం లెక్కలో ఉంది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర పీడనం ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు. 32 శాతం ఆక్సిజన్ అక్కడ 1.28 వాతావరణాల బలంతో దేహంలోకి వెళ్తుంది. ఈత కొడుతూ తిరిగేటప్పుడు 1.4, కదలకుండా ఆగి ఉన్నప్పుడు 1.6 దాటనివ్వకూడదని నియమం. మరి ఎందుకీ మిశ్రమం అంటే, ఆక్సిజన్ పెరిగిన మేరకు నైట్రోజన్ తగ్గుతుంది. రక్తంలోనూ కండల్లోనూ తక్కువ నైట్రోజన్ చేరుతుంది కాబట్టి అడుగున ఎక్కువసేపు ఉండవచ్చు. 30 మీటర్ల దగ్గర మామూలు గాలితో 20 నిమిషాలు దొరికితే, 32 శాతంతో అరగంట దాకా దొరుకుతుంది. దక్కేది సమయమే.

2021 వేసవిలో, కోవిడ్ వేళ, ఒక్క ఆక్సిజన్ సిలిండర్ కోసం ఆసుపత్రుల ముందు నిలబడ్డ మనకు, అదే ఆక్సిజన్ ఎక్కువైతే విషమంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఈ విషయం తెలిసి చాలా కాలమైంది. పీడనం కింద ఆక్సిజన్ పీల్చిన జంతువులకు మూర్ఛలు వస్తాయని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ 1878లోనే పుస్తకంలో రాశాడు. మనుషుల సంగతి తేల్చినవాళ్లలో ఒకరి కథ మన తెలుగు నేల మీద ముగిసింది. జె.బి.ఎస్. హాల్డేన్‌ను జన్యుశాస్త్రవేత్తగా చాలామంది ఎరుగుదురు. ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ 1908లో ప్రచురించిన పట్టికలే డైవర్లు ఎక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో మొదట నేర్పాయి. 1939 జూన్‌లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, అలాంటి చోట ఊపిరి ఎలా ఆడుతుందో, ఎందుకు ఆగుతుందో తెలుసుకోవడానికి కొడుకు హాల్డేన్ పీడన గదిలోకి తానే వెళ్లి కూర్చున్నాడు. ఆక్సిజన్ మోతాదు మించి ఒకసారి మూర్ఛ వచ్చింది. ఆ కుదుపులకు వెన్నుపూసలు నలిగిపోయాయి. ఆయన 1957లో భారతదేశానికి వచ్చేశాడు. పిఠాపురం నుంచి వెళ్లిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, తర్వాత ఆయన జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. విల్లులో రాసుకున్న ప్రకారం ఆ దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. బతికుండగా తన మీద తాను ప్రయోగాలు చేసుకున్న మనిషి, పోయాక కూడా మన పిల్లల చదువుకే ఒళ్లు అప్పగించాడు. నైట్రాక్స్ నేర్చుకునే ప్రతి తెలుగువాడికీ పాఠంతోపాటు ఈ సంగతి కూడా చెప్పాలని నా కోరిక.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళం కోసం కెన్నెత్ డొనాల్డ్ చేసిన పరీక్షలు ఇంకా కలవరపెడతాయి. ఒకే మనిషిని, దాదాపు 21 మీటర్లకు సమానమైన పీడనంలో, మూడు నెలల వ్యవధిలో 20 సార్లు పరీక్షించారు. ఒకనాడు 7 నిమిషాలకే విష లక్షణాలు కనిపించాయి. మరోనాడు అదే మనిషి 148 నిమిషాలు తట్టుకున్నాడు. చూపు సన్నబడటం, చెవుల్లో హోరు, పెదవులు అదరడం ముందుగా రావచ్చు, రాకపోనూ వచ్చు. ఏ హెచ్చరికా లేకుండా నేరుగా మూర్ఛే రావచ్చు. ఒడ్డున అయితే మూర్ఛ వచ్చి పోతుంది. నీళ్లలో గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోతుంది, మనిషి మునిగిపోతాడు.

అంటే నిన్న ఏమీ కాలేదన్నది ఈరోజుకు సాక్ష్యం కాదు. ఆనవాయితీ మీద, ఒంటి సత్తువ మీద బతికే మాలాంటి ఊళ్లవాళ్లకు ఇది మింగుడుపడని మాట. ఎన్నిసార్లు చేసినా ఏం కాలేదు గదా అనే భరోసాతోనే మేం పెరిగాం. ఇక్కడ మాత్రం అనుభవం చేతులెత్తేస్తుంది. ప్రమాదం మొదలయ్యే చోటు ఏరోజుకారోజు జరిగిపోతుంటుంది కాబట్టి, హద్దు దానికి చాలా ఇవతలే గీశారు. ఆ గీత దగ్గర దేహానికి ఏమీ తెలియదు, బాగానే ఉంటుంది. బాగా ఉన్నప్పుడే ఆగడం నేర్పడానికి ఇంత శిక్షణ కావాలి.

ఆ శిక్షణలో నాకు అన్నిటికంటే పెద్దదిగా తోచిన పని నీళ్లలోది కాదు, ఒడ్డున బల్ల మీద జరిగేది. సిలిండర్ నింపినవాడు ఎంత నమ్మకస్తుడైనా, లోపల ఏముందో పీల్చేవాడే కొలుచుకోవాలి. ఆక్సిజన్ మీటరును ముందు మామూలు గాలిలో 20.9 దగ్గర నిలబెట్టాలి. వాల్వు సన్నగా తెరిచి గాలిని సెన్సర్ మీదుగా నెమ్మదిగా పోనివ్వాలి. అంకె కుదురుకునే దాకా ఓపిక పట్టాలి. సెన్సర్‌లోని రసాయనం కూడా కాలంతో తరిగిపోయేదే, అందుకని దాన్నీ అనుమానంగానే చూడాలి. వచ్చిన శాతం, దిగగల గరిష్ఠ లోతు, తేదీ, పేరు టేపు మీద రాసి సిలిండర్‌కు అతికించి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. రెండు మూడు సిలిండర్లతో దిగినప్పుడు, లోపల ఒకటి మార్చి ఇంకొకటి అందుకునే ముందు ఆ టేపును జోడీగా దిగినవాడికి చూపించి, గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్లి అది ఆ సిలిండర్‌దేనని తేల్చుకోవాలి. ఈ ఒక్క చోట పొరపడి పోయిన ప్రాణాలున్నాయి.

ఇదంతా మా పెదనాన్నకు చెప్పాను. పత్తి, మిరప వేస్తూ నల్లరేగడిలోనే జీవితం గడిపిన మనిషి.

"నింపినోడు తెలిసినోడే గదరా, మళ్లా కొలవటం ఎందుకు?" అన్నాడు.

"పీల్చేది నేను గదా పెదనాన్నా. కొలిచి సంతకం పెట్టందే సిలిండర్ తియ్యనియ్యరు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "మాకా రోజుల్లో డబ్బా మీద రాసింది చదివి చెప్పేవాడు కూడా లేడు. కొట్టాయన ఎంత కలపమంటే అంత కలిపాం," అన్నాడు.

ఏ రోజులో అడగక్కర్లేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. కాయ తొలిచే పురుగును చంపడానికి వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్లను కొట్టినకొద్దీ, దోమను తినే మిత్రపురుగులు పోయాయి, దోమ మాత్రం పెరిగింది. రైతులు మోతాదు పెంచారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పంట పోయి, అప్పు మిగిలి, ఆ మందే తాగి చనిపోయినవాళ్లున్నారు. వాళ్లకు అత్యాశ అని అప్పుడు కొందరు అన్న మాట నాకు ఈనాటికీ బాధ కలిగిస్తుంది. ఎక్కడ ఆగాలో తెలియాలంటే కొలిచే సాధనం చేతిలో ఉండాలి. మందు అమ్మేవాడే అరువిచ్చేవాడు, మోతాదు చెప్పేవాడు కూడా వాడే. నేను ఇష్టం కొద్దీ నీళ్లలోకి దిగేవాడిని, అయినా నా కోసం మీటరు, పట్టిక, జోడీ, రిజిస్టరు ఉన్నాయి. పెదనాన్న అన్నం కోసం దిగాడు, ఆయనకు ఇవేవీ లేవు. నిగ్రహాన్ని మనిషి గుణంగా పొగిడే ముందు ఈ తేడా చూడాలి.

2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు వచ్చినప్పుడు కూడా చాలా చేలల్లో మళ్లీ అదే పరుగు. మందు మీద మందు. పత్తికి మాత్రం ఇప్పుడు ఒక లెక్క ఉంది. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు, రోజుకు 8 గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడితేనే మందు సంగతి ఆలోచించమంటారు. మా ఊళ్లో ఆ బుట్టలు కట్టినవాళ్లు కొద్దిమందే. వాళ్లలో మా పెదనాన్న కొడుకు ఒకడు. పొద్దున్నే చేలోకి వెళ్లి పురుగులు లెక్కపెట్టి, తేదీ వేసి నోటుబుక్కులో రాసుకుంటాడు. ఐదు పడిన రోజున పక్క చేను ఆయన పంపు భుజాన వేసుకుని వచ్చి, మేం కొడుతున్నాం, నువ్వు కొట్టవా అని అడిగాడట. వీడు నోటుబుక్కు తీసి ఆయనకు చూపించాడు.