ఓర్పును తెగువయు

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. ఆలస్యము అమృతమును సైతము విషము చేయునని చెప్పువారును వారే. ఈ రెండు మాటలను ఒకే యింటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే దినమున మనము వినుచుందుము. పని చెడినవాడు తొందరపడి యుండినచో మొదటి మాటతో వానిని మందలింతుము. జాగుచేసి యుండినచో రెండవ మాటతో మందలింతుము. ఫలము తెలిసిన పిమ్మట నీతి చెప్పుట సులభము. ఫల మింకను తెలియనప్పుడు, చేతిలో ధనమును, ఎదుట అవకాశమును, మనసులో భయమును ఉన్నప్పుడు, వేచియుండవలయునా, ముందుకు దూకవలయునా యని నిర్ణయించుట యెట్లు? ఇదియే మేము విచారింపదలచిన ప్రశ్న.

ఇట్టి ప్రశ్నలకు యుద్ధములనుండియు రాజ్యతంత్రమునుండియు ఉదాహరణములు తెచ్చుట వాడుక. కాని వానియందు స్వపక్షాభిమానము మన బుద్ధిని కప్పివేయును. కావున మన యభిమానమున కంతగా తావులేని దూరదేశపు వ్యవహార మొకదానిని గైకొందము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అను బంతియాటకు మిక్కిలి ఆదరము కలదు. అందలి ప్రధాన లీగులలో 30 జట్లున్నవి. ఒక్కొక్క జట్టు ఏటేట 162 పోటీలాడును. వసంతమున మొదలైన యాట శరదృతువున వరల్డ్ సిరీస్ అను తుదిపోటీలతో ముగియును. పిమ్మట మైదానములు నిర్జనములై యుండు చలినెలలలో వేరొక యాట సాగును. అది బంతితో ఆడునది కాదు, ఒప్పందములతో ఆడునది. దానిని ఆడువాడు ప్రతి జట్టునందును ఉండు జనరల్ మేనేజరు.

ఈతని పని యెట్టిదనగా: ఒప్పందము ముగిసి స్వేచ్ఛగా నున్న ఆటగాండ్రను వేతనము నిశ్చయించి పిలుచుకొనుట, తన ఆటగాండ్రను ఇతర జట్లవారితో మార్చుకొనుట, చిన్న లీగులలో శిక్షణ పొందుచున్న యువకులలో నెవరిని నిలుపుకొని యెవరిని విడువవలయునో తేల్చుట. ఒకవైపున ముప్పది యేండ్లు సమీపించిన ప్రసిద్ధు డుండును. వాని బలము నేడు నిండుగా నున్నది, రేపటినుండి తరుగును. మరియొకవైపున పందొమ్మిదేండ్ల పిల్లవాడుండును. వాని బలము నాలుగేండ్లకు పండవచ్చును, పండకయు పోవచ్చును. నేటికొరకు రేపటిని అమ్ముటయా, రేపటికొరకు నేటిని వదలుకొనుటయా? డిసెంబరులో అన్ని జట్ల అధికారులును ఒకచోట సమావేశమగుదురు. పత్రికలవారు గుమ్మములయొద్ద కాచుకొని యుందురు. ఏమియు చేయక తిరిగి వచ్చినవానిని సోమరి యందురు. చాల చేసివచ్చినవానిని ధీరుడందురు. ఈ పొగడ్తయే మొదటి ఉచ్చు.

2014వ సంవత్సరమున ఏ. జె. ప్రెల్లర్ అను నాతడు శాండియాగో పాడ్రెస్ జట్టునకు జనరల్ మేనేజరాయెను. ఆ యేడు ఆ జట్టు 77 పోటీలు గెలిచినది. రాబోవు చలికాలముననే దానిని మార్చివేయవలయునని ఆతడు సంకల్పించెను. డిసెంబరులో మాట్ కెంప్, జస్టిన్ అప్టన్, విల్ మయర్స్ వచ్చిరి. ఫిబ్రవరిలో జేమ్స్ షీల్డ్స్ అను పిచ్చరుతో నాలుగేండ్లకు 7 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందము కుదిరినది. ఆటల కాలము తెరచుటకు ముందునాడు క్రెయిగ్ కింబ్రెల్ కూడ వచ్చెను. నగరము సంబరపడినది. కాని 2015లో ఆ జట్టు గెలిచినవి 74 పోటీలే. వెనుకటికంటె మూడు తక్కువ. అంతియకాదు, మయర్స్‌కొరకు చేసిన మార్పిడిలో ట్రే టర్నర్ అను యువకుడు వాషింగ్టన్ జట్టు పాలాయెను. 2019లో వాషింగ్టన్ వారు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ టర్నరు వారి ముఖ్యులలో నొకడు.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. 2016 జూన్‌లో ఆ ప్రెల్లరే షీల్డ్స్‌ను చికాగో వైట్ సాక్స్ వారికిచ్చెను. ఆ యేడే గెలువవలయునను ఆత్రము ఆ సారి వారిది. బదులుగా ఆతడు పుచ్చుకొన్నవారిలో ఫెర్నాండో తాతీస్ జూనియర్ అను 17 ఏండ్ల బాలుడుండెను. ఆ బాలుడు 2019లో ప్రధాన లీగులలో ప్రవేశించి శాండియాగో జట్టునకు ప్రధానాశ్రయ మాయెను. రెండేండ్లలోపల ఒకే మనుష్యుడు తొందరచే నష్టపడి, ఇతరుల తొందరచే లాభపడెను. కాబట్టి ఓర్పు, తొందర యనునవి పుట్టుకతో వచ్చు గుణములని యెంచి కొందరిని శాంతులనియు కొందరిని దుడుకువారనియు విభజించుట పొరపాటు. అవి యా యా సమయములందు మనము చేయు నిర్ణయములు.

ఇంతమాత్రమున తెగువ యంతయు తప్పని తేల్పరాదు. 2016 డిసెంబరులో బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు వ్యవహారములు చూచుచుండిన డేవ్ డొంబ్రోస్కీ, క్రిస్ సేల్ అను పిచ్చరుకొరకు నలుగురు యువకుల నిచ్చివేసెను. వారిలో యోవాన్ మొంకాడా దేశమంతట పేరుపొందిన యువకుడు. ఇది దుస్సాహసమని పలువురు తలచిరి. 2018లో బోస్టన్ జట్టు 108 పోటీలు గెలిచి, వరల్డ్ సిరీస్‌ను కూడ గెలిచినది; కడపటి బంతి విసరినవాడు ఆ సేల్ యే. శాండియాగోలో ఓడిన తెగువ బోస్టనులో గెలుచుటకు కారణమేమి? బోస్టనువారికి అప్పటికే తమ యొద్ద పెరిగిన మంచి యువకుల జట్టుండెను. 2016లోనే వారు తమ విభాగమున మొదటివారైరి. గోడలు లేచిన యింటికి వారు దూలము తెచ్చిరి. శాండియాగోవారు గోడలు లేవకమునుపే కప్పు వేయబోయిరి. తెగువకు ముందు చాలకాలపు ఓర్పు గడచియుండవలయును; లేనిచో దానికి తెగువయను పేరు తగదు.

ఇక ఓర్పు సంగతి. హూస్టన్ ఆస్ట్రోస్ జట్టు 2011లో 106 పోటీలు ఓడినది. ఆ యేటి చివర జెఫ్ లూనౌ జనరల్ మేనేజరాయెను. 2012లో 107, 2013లో 111 పోటీలు ఓడిరి. పేరుగల ఆటగాండ్రను పంపివేసి, వేతనములు తగ్గించి, యువకులను కూడబెట్టిరి. ఎంత యెక్కువగ ఓడినవారికి క్రొత్త యువకులను ఎన్నుకొనుటలో అంత ముందు వంతు ఆ కాలమున వచ్చుచుండెను గనుక ఓటమియే వారికి పెట్టుబడి యాయెను. 2017లో వరల్డ్ సిరీస్ గెలిచిరి. ఆ యేడు ఎదుటివారి సంజ్ఞలను అక్రమముగ తెలిసికొనిరని 2020 జనవరిలో తేలి ఆ కీర్తికి మచ్చ పడినది. లూనౌ ఉద్యోగము పోయినది. చికాగో కబ్స్ వారును ఈ త్రోవనే పట్టి, 2012లో 101 పోటీలు ఓడి, 1908 తరువాత మొదటిసారిగ 2016లో విజయము పొందిరి.

దీర్ఘదర్శనమునకు మాదిరిగా ఈ రెండింటిని చూపువారు కలరు. మేమును వారి దీర్ఘదర్శనమును కాదనము. కాని ఒక్క ప్రశ్న అడుగుదుము: ఆ యేండ్లలో ఓర్చుకొనినవా రెవరు? జనరల్ మేనేజరు ఉద్యోగము నిలిచినది. యజమానికి వ్యయము తగ్గినది. ఓడునని ముందే తెలిసిన జట్టును చూచుటకు వెలయిచ్చి వచ్చినది ప్రేక్షకులు. గెలుచుటకై కూర్పబడని జట్టులో తమ యౌవనపు మంచి సంవత్సరములు వెచ్చించినది ఆటగాండ్రు. ఒకడు వేచియుండును, వేరొకడు దాని వెల చెల్లించును. అట్టి వేచియుండుటను ఓర్పు అని పిలువవచ్చునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఒకప్పుడీ యాటలో ఒప్పందముచే ఒక జట్టునకు చెందిన ఆటగాడు ఆ జట్టు విడుచువరకు వేరొకచోటికి పోరాదు. జట్టు మాత్రము వానిని తన యిచ్చ వచ్చినచోటికి పంపవచ్చును. 1969లో సెయింట్ లూయిస్ జట్టు, పండ్రెండేండ్లు తమకొరకు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు మార్చినది. తాను కొనుటకును అమ్ముటకును తగిన వస్తువును కానని ఆతడు నిరాకరించి న్యాయస్థానమున కెక్కెను. 1972లో సుప్రీముకోర్టు ఆతనికి ప్రతికూలముగా తీర్పు చెప్పినది. ఆతని ఆటజీవితము ముగిసిపోయెను. కాని 1975లో ఒక మధ్యవర్తి తీర్పువలన ఆ కట్టుబాటు సడలినది. ఆటగాండ్రకు స్వేచ్ఛగా బేరమాడు హక్కు వచ్చినది. ఫ్లడ్ చూపిన తెగువకు వెల ఆతడే యిచ్చెను; ఫలము తరువాతివా రనుభవించిరి.

హక్కు వచ్చిన పదేండ్లకు యజమానులు వేరొక యుపాయము కనుగొనిరి. 1985 మొదలుకొని మూడు చలికాలములు వారు ఇతర జట్లవారిని పిలువక మౌనముగా కూర్చుండిరి. చూచువారికి అది మితవ్యయమువలె, ఓర్పువలె తోచినది. 1987 మార్చిలో ఆండ్రే డాసన్ అను మేటి యాటగాడు, అడుగువారు లేక, వేతనపు అంకె వ్రాయని ఒప్పందమును చికాగో కబ్స్ వారి చేతికిచ్చి మీ యిష్టమువచ్చిన మొత్తము వ్రాసికొనుడనెను. వారు 5 లక్షల డాలర్లు వ్రాసిరి. ఆ యేడు ఆ జట్టు తన విభాగమున చివర నిలిచినను, డాసన్ నేషనల్ లీగు అంతటికిని అత్యుత్తమ ఆటగాడుగ ఎన్నుకొనబడెను. యజమానుల మౌనము కుట్రయని మధ్యవర్తులు తేల్చిరి. 1990లో వారు ఆటగాండ్రకు 28 కోట్ల డాలర్ల పరిహారము చెల్లించుట కొప్పుకొనిరి.

కుట్ర లేనిచోట సైతము ఈ యసమానత పోదు. ప్రధాన లీగులలో ఆరేండ్ల సేవ నిండినగాని ఆటగానికి ఈ స్వేచ్ఛ రాదు. అప్పటికి పెక్కుమంది ముప్పదికి చేరువగుదురు. 2018 ఫిబ్రవరిలో జట్లన్నియు శిక్షణకు పోవుచుండగా ఒప్పందము దొరకనివారు పెక్కుమంది మిగిలిరి. వారి సంఘము ఫ్లోరిడాలో వారికి ప్రత్యేక శిక్షణాశిబిరము పెట్టవలసి వచ్చినది. జట్టునకు మరుసటి యేడు కలదు. ఆ మరుసటి యేడును కలదు. ఆటగానికి గడచిన యేడు తిరిగి రాదు. నిండిన గాదె గలవాడు ఆకలిగొన్నవానితో, నాకు తొందర లేదు, నిదానముగ మాటలాడుకొందము అనినచో, అది శాంతగుణము కాదు; చేయి యెత్తకయే కొట్టుట. దూకుడు కేకలతోనే వచ్చునని లేదు.

మరి ఇతరుని ఓర్పుమని యడుగుట యెన్నడును న్యాయము కాదా? ఒక గొప్ప యుదాహరణమును తలచుకొందము. 1945లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు వ్యవహారములు నడుపుచుండిన బ్రాంచ్ రికీ, నల్లవారికి చోటీయని ప్రధాన లీగులలో జాకీ రాబిన్సన్‌ను ప్రవేశపెట్టదలచెను. ఆ ఆగస్టులో ఆతనిని పిలిపించి, ఎట్టి దూషణములు వినవలసి వచ్చునో తానే అనుకరించి చూపి, కొంతకాలము ఎదురుకొట్టక సహింపగలవా యని యడిగెను. రాబిన్సన్ ఆలోచించి అంగీకరించెను. ఒక యేడు మాంట్రియల్‌లో ఆడి, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టి, ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారుడను గౌరవము పొందెను. ఆ మొదటి గడువు దాటిన పిమ్మట తన మనసులోని మాటను బహిరంగముగ చెప్పుట కాతడు వెనుదీయలేదు.

ఇందు రికీ నిష్కళంకుడని మేమనము. రాబిన్సన్ అంతకుముందు ఆడిన కాన్సస్ సిటీ మొనార్క్స్ జట్టునకు ఆతడు పరిహార మేమియు నీయలేదు. రాబిన్సన్ పడిన బాధలో రికీ పడినది స్వల్పభాగము. అయినను భేదమును గమనింపుడు. కష్టమును ముందే చెప్పెను, గడువు చెప్పెను, సమ్మతి యడిగెను, ఓరిమి ఫలము ఓర్చినవానికిని, వాని వారికిని చెందునట్లు చేసెను, ఇతర యజమానుల ద్వేషమును తానును నెత్తిన వేసికొనెను. సుమారు అరువది సంవత్సరములు ఎవరును సాహసింపని పని కాతడు తెగించెను. దానిని నెరవేర్చుటకు రాబిన్సన్ ఓర్చెను. ఇచ్చట ఓర్పును తెగువయు పగవారు కాక తోబుట్టువులైనవి.

కావున మా యభిప్రాయ మిది. ఓర్పు గొప్పదా, తెగువ గొప్పదా యను ప్రశ్న తప్పుగా వేయబడిన ప్రశ్న. నా జాప్యమునకు వెల యెవరిచ్చుచున్నారు, నా దూకుడునకు వెల యెవరిచ్చుచున్నారు అని యడుగవలయును. తన సొమ్ము, తన పేరు, తన కాలము ఒడ్డి వేచినవాని ఓర్పు సద్గుణము. తనవి ఒడ్డి దూకినవాని తెగువయు సద్గుణమే. పరుల కాలమును ఒడ్డి వేచియున్నవాడును, పరుల భవిష్యత్తును ఒడ్డి దూకినవాడును ఒకే తప్పు చేయుచున్నారు.

ఈ విచారణకు అమెరికా పోనక్కరలేదు. ప్రొద్దుగుంకువేళ గంపలోని కూరలు వాడిపోవునని తెలిసి బేరము సాగదీయు గృహస్థు తన్ను తాను నిదానపరుడనుకొనును. కూలివానికి నేడీయవలసిన డబ్బునకు రేపు రమ్మని చెప్పునతడు తన్ను జాగ్రత్తగలవా డనుకొనును. కూరలమ్ము నామె యింటి పొయ్యి, కూలివాని పిల్లల ఆకలి ఆ నిదానమునకు వెల చెల్లించుచున్నవి. మన సహనమును మనము మెచ్చుకొనుటకు ముందు, మన గుమ్మములో నిలుచుండి యెవరైన వేచియున్నారేమో చూచుట మంచిది. వేచియున్నచో, ఆ దినమున మనకు కావలసినది ఓర్పు కాదు. త్వరపడి వారి బాకీ తీర్చుట.