ఆ నీడ ఎవరిది?

పాశ్చాత్య సంగీతములో కాన్సర్టో అను రచన గలదు. ఒకడు ముందు నిలిచి వాయించును. మేళమంతయు వెనుకనుండి తోడుపడును. అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు పొందిన సాక్సఫోనునకు బ్యాండుమేళముతో ఇట్టి రచనలు గలవు. కట్టడమును తలంచి సంగీతము కూర్చుటయు క్రొత్త కాదు; 1436లో ఫ్లోరెన్సు కేథడ్రలు ప్రతిష్ఠకు ద్యుఫాయ్ గీతము కూర్చెను.

మన నల్లగొండ చెంత పానగల్లులో అట్టి రచనకు తగిన కట్టడమున్నది. కందూరు చోళులనాటి ఛాయా సోమేశ్వరాలయమున ఒక గర్భగుడి గోడమీద పగలంతయు స్తంభపు నీడ నిలుచును. ప్రొద్దు తిరిగినను నీడ తిరుగదు. అది ఏ ఒక్క స్తంభముదియు కాదు. ప్రక్కలనుండి వచ్చు వెలుతురులో పలు స్తంభములు కలిసి వేయునది. చూచువాడు మాత్రము ఒక్కదానిదే అనుకొనును.

అట్లయిన ముందు నిలిచినవాడు పరుల పొగడ్తను దొంగిలించుచున్నాడా? మాకట్లు తోచదు. మేళము తగ్గి వాయింపనిదే అతని స్వరము వినబడదు, తగ్గుటయు పనియే. అయితే తగ్గుట వేరు, తగ్గింపబడుట వేరు. పెండ్లి ఊరేగింపులో బ్యాండువారు అందరికంటె ముందు నడుతురు. భోజనమునకు వారిని కడపట పిలుచుట మన పల్లెలు ఎరుగనిది కాదు. బలహీనమైన అవయవములే మరి అవసరమని పౌలు కొరింథీయులకు వ్రాసినది ఆ పంక్తిలో ఎవరికి జ్ఞాపకము వచ్చును?

కాన్సర్టోలో ఒక చోట ముందున్నవాడు వాద్యము దించి ఊరకుండును, మేళమే వాయించును. సభలో కొందరు అప్పుడును అతని ముఖమే చూచుచుందురు.