గండి అంచున చూపు: సౌందర్యానుభవం, నైతిక బాధ్యత

కడప జిల్లా జమ్మలమడుగు సమీపాన ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న సాగే చోట గండికోట ఉంది. కోట అంచున బండలపై నిలిచి చూసేవారికి పలకలు పేర్చినట్లున్న ఎర్రని శిలలు, వాటి నడుమ లోతున నీరు కనిపిస్తాయి. పొద్దుతోపాటు రంగు మారే ఈ దృశ్యాన్ని చూడటానికి దూరప్రాంతాల వారు వస్తారు. ఇదే పెన్న ఎగువన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకపరుపుగానే ఉంటుంది. అక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఒకే నది ఒకచోట కరువుకు గుర్తుగా, మరొకచోట కన్నులపండువుగా ఉన్నప్పుడు, ఆ పండువును అనుభవించే చూపు నిర్దోషమేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఈ పరిశీలనకు 'గండి' అనే మాటే తొలి ఆధారం. కొండల నడుమ నది చేసుకున్న దారి గండి. చెరువుకట్ట తెగిన చోటూ గండే. మొదటి అర్థంలో అది కోటకు సహజ రక్షణ, చూపరికి శోభ. రెండవ అర్థంలో అది ఊరికి వినాశం. చెరువులే జీవనాధారమైన రాయలసీమలో కట్టకు గండి పడటమంటే ఒక ఏటి పంట పోవడం మాత్రమే కాదు, రాబోయే ఏళ్ల ఆశ కూడా కొట్టుకుపోవడం. కాబట్టి ఈ మాటకు ఏ అర్థం స్ఫురిస్తుందన్నది మనిషి గండికి పైన నిలిచాడా, కింద నిలిచాడా అన్నదానిపై ఆధారపడుతుంది.

రెండవ అర్థానికి సాహిత్యంలో నిలిచిన రూపం కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'. అనంతపురం చెంతనున్న బుక్కరాయసముద్రం చెరువుకట్టను నిలబెట్టడానికి ప్రాణాలర్పించిన కోడలి కథ అది. చదువరి ఆమె మరణానికి కరుగుతాడు, ఆ కరుగుదలలోనే ఒక ఆనందాన్నీ పొందుతాడు. గండికోట అంచున నిలిచిన యాత్రికుడికీ, కావ్యం ముందు కూర్చున్న ఈ సహృదయుడికీ పోలిక ఉంది. ఇద్దరికీ ప్రమాదం తగలదు. ఇద్దరి అనుభవానికీ ఆ దూరమే ఆధారం.

ఈ దూరాన్ని సౌందర్యమీమాంస దోషంగా భావించలేదు. భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు తనదైన రీతిలో స్వీకరించిన సాధారణీకరణ భావన ప్రకారం, 'నాది, పరునిది' అన్న సంబంధం తొలగినప్పుడే రసానుభవం సాధ్యమవుతుంది. 1790లో వెలువడిన గ్రంథంలో కాంట్ కూడా, భీకర ప్రకృతి ఉదాత్తంగా తోచాలంటే చూసేవాడు సురక్షిత స్థానంలో ఉండాలన్నాడు. ఈ మేరకు కోట అంచున కలిగే ఆనందానికి శాస్త్రసమ్మతి ఉన్నట్లే.

అయితే రంగస్థలానికీ నేలకూ ఒక భేదం ఉంది. నాటకం ముగియగానే పాత్రధారి వేషం తీసేస్తాడు. నేలపై ఉన్నవారికి అలా విడివడే వీలు లేదు. గండికోట వద్ద పెన్నపై నిర్మించిన జలాశయానికి గాలేరు–నగరి పథకం ద్వారా కృష్ణా జలాలు చేరాయి. ఆ నీటి కింద కొండాపురం మండలపు గ్రామాలు మునిగాయి. కరువు సీమకు నీరు రావడం న్యాయమే. కానీ ఆ నీటి నిండుదనాన్ని దృశ్యంగా చూసేవారికి మునిగిన ఊళ్లు కనిపించవు. దూరపు కొండలు నునుపు అన్న సామెత దూరాన్ని నిందించదు, దూరం దాచే గరుకుతనాన్ని గుర్తు చేస్తుంది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ఈ వాదాన్ని చివరిదాకా లాగితే, కరువు నేలలో అందాన్ని చూడటమే తప్పని, అక్కడివారికి అవసరమే తప్ప సౌందర్యం పట్టదని తేలుతుంది. అది మరొక అన్యాయం. 'ఎర్రమల' అన్న పేరే దానికి సమాధానం. కొండ రంగును గమనించి పేరుపెట్టిన చూపు నిన్న మొన్న వచ్చిన యాత్రికుడిది కాదు, ఆ నేలపై బతికినవారిది. వారి ఎరుకలో రంగు ఉంది, రాయి వేడిమి ఉంది, నీటి జాడ ఉంది. అవసరం సౌందర్యాన్ని చంపలేదు, దానితో కలిసి బతికింది. కనుక దోషం చూపులో లేదు, చూపు అక్కడితో ఆగిపోవడంలో ఉంది. రసానుభవ సమయంలో తొలగిన సంబంధాన్ని, అనుభవం ముగిశాక తిరిగి స్వీకరించడమే చూపరి బాధ్యత.

ఈ నిర్ణయం యాత్రికునికంటే సాహిత్య పరిశోధకునికి ఎక్కువ వర్తిస్తుంది. ఎండిన పెన్న ఒడ్డు బతుకును విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో కావ్యవస్తువు చేశారు. ఆ జిల్లాలోనే పుట్టిన ఆయనకు ఆ ఇసుక దూరపు దృశ్యం కాదు. నేడు కరువు సాహిత్యం పాఠ్యాంశం, పరిశోధనాంశం, సదస్సుల్లో చర్చాంశం. ఒకరి దాహంలోని ప్రతీకలను వర్గీకరించి పట్టా పొందడం కూడా ఒక ఎత్తైన అంచున నిలవడమే. ఆ అంచు లేనిదే విమర్శ లేదు, అక్కడినుంచి దిగక్కరలేదనుకున్న విమర్శకు విలువా లేదు. కరువు కావ్యంపై రాసేవారు, అది పుట్టిన ఊళ్లో ఈనాటి నీటి సంగతి తెలుసుకొని రాయడం ఆ బాధ్యతలో కనీస భాగం.