పట్టీలేవే?

కూచిపూడి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి, అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

ఫోనులో నీ గొంతు నాకు సగమే వినపడుతోంది, మిగతా సగం నేనే ఊహించుకుని జవాబు చెబుతున్నాను. అందుకని ఉత్తరం. మీ మావయ్య దీన్ని ఫొటో తీసి పంపిస్తానన్నాడు, వద్దన్నాను. ఫొటో అయితే ఓ చూపు చూసి వేలితో పైకి తోసేస్తావు. వార్డులోంచి గదికి వచ్చినప్పుడు, కాస్త అన్నం తిన్నాక చదువుకో.

బుజ్జిగాడికి కౌంటు ఎక్కడం మొదలైందని శుక్రవారం నువ్వు చెప్పాక మీ అమ్మ రామలింగేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నోట్లో పుళ్లు మానుతున్నాయా? నూరు రోజులు గడిచేదాకా పచ్చికాయ, పచ్చిపువ్వు దగ్గరికి రానివ్వకూడదన్నారుగా, నువ్వు తలలో పూలు పెట్టుకున్నా వాడి గదిలోకి వెళ్లకు. నేను చేసిన మాగాయ పంపనులే, భయపడకు.

ఇంక నీ పెద్దదాని సంగతి. దానికోసమే ఈ ఉత్తరం.

తమ్ముడికి ఎక్కించడానికి దాని తుంటి ఎముకలోంచి మూలుగు తీసి ఇవ్వాళ్టికి ఇరవై రెండో రోజు. సూదులు గుచ్చిన చోట మచ్చలు కూడా మానిపోయాయి. తీసిన మూలుగు కొద్ది వారాల్లో తిరిగి ఊరుతుందని డాక్టర్లు చెప్పనే చెప్పారు. నడక బాగుంది, తిండి బాగుంది. కానీ నాట్యానికి వెళ్లనంటోంది. నడుం నొప్పా అంటే కాదంది. ఇంట్లో కూడా పిల్లిలా తిరుగుతోంది. మంచినీళ్లు కావాలన్నా అడగదు, తనే స్టూలెక్కి ముంచుకుంటోంది. అందరూ బుద్ధిమంతురాలంటున్నారు. ఆ మాట వింటే నాకు గుండె జారుతోంది చిట్టీ. ఆ బుద్ధి నేనిదివరకు ఒకసారి చూశాను.

1977లో మీ మావయ్యకు నాలుగేళ్లు. గుండెకు రంధ్రం. అప్పుడు కూడా రాయవేలూరు ఆస్పత్రే. మీ తాతయ్యా నేనూ వాణ్ణెత్తుకుని కాట్పాడిలో దిగాం. మీ అమ్మకు ఏడేళ్లు, దాన్ని కోడూరులో మీ చిన్నమ్మమ్మ దగ్గర వదిలాను. పులిగడ్డ అక్విడక్టు దగ్గర బస్సు కదిలేటప్పుడు అది ఏడవలేదు. ఎంత తెలివిగలదో అని మురిసిపోయాను కూడా. రెండు నెలల్లో దానికి ఒక్క కార్డు రాశాను. అందులో ఉన్నదంతా తమ్ముడి సంగతే.

నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది పోయారని తర్వాత లెక్కలు చెప్పారు. మాకు కబురు తెలిసింది ఆస్పత్రి వరండాలో, ఎవరో చదువుతున్న పేపర్లో. మీ మావయ్యకు కుట్లింకా తియ్యలేదు. తాతయ్యను వాడి దగ్గర ఉంచి మా అన్నయ్యతో బయల్దేరాను. పదకొండో రోజుకి అవనిగడ్డ చేరాం. ఆ దారి సంగతి రాయను, రాయలేను. ఓ బడిలో జనాన్ని ఉంచారు. అక్కడ చిన్నమ్మమ్మ చీరకొంగు వెనక నిలబడి ఉంది మీ అమ్మ. నన్ను చూసి ముందుకు రాలేదు. మీ చిన్నతాతయ్య పోయాడని అప్పటికి నాకు తెలీదు.

నేను దాన్ని దగ్గరికి లాక్కుని, కాళ్లు చూసి, మొట్టమొదట అన్నమాట ఏమిటో తెలుసా? "పట్టీలేవే?"

ఆ దసరాకి కొత్తగా చేయించిన వెండి పట్టీలు. ఎందుకన్నానో ఈ నాటికీ నాకు తెలీదు. నోటికి వచ్చిన మాట అదే. అది తల దించుకుంది. నేనింకో రెండు మాటలు కూడా అన్నాను.

దాని పెళ్లికి పట్టీలు చేయిస్తుంటే వద్దంది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. నీళ్లు ఇంట్లోకి వస్తుంటే అటక మీదికి ఎక్కించడానికి, నిచ్చెన మీద కాలు జారుతుందని చిన్నతాతయ్య పట్టీలు విప్పి తన చొక్కా జేబులో వేసుకున్నాడట. దాన్నీ చిన్నమ్మమ్మనీ పైకి తోసి, దూడ కట్టు విప్పడానికి కిందికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. పదమూడేళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుంది. నువ్వడగలేదుగా అంది, అంతే. కోపంగా కూడా అనలేదు.

ఇప్పుడు మీ అమ్మ గాల్‌బ్లాడరు రాళ్లు గుర్తు తెచ్చుకో. ఆర్నెల్లు నొప్పి మింగి తిరిగింది, కళ్లు పచ్చబడ్డాక గానీ మీ నాన్నకు తెలియలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని నువ్వు దాని మీద కేకలేశావు. కేకలెయ్యాల్సింది నా మీద.

ఈ ఊరికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో భామాకలాపం ఆడుతుంటే వెళ్లేదాన్ని. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషం కట్టి తెర మీదుగా జడ వేస్తే ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టేది. మగవాడంటే ఎవరు నమ్ముతారు! నా చూపు మాత్రం తెర పట్టుకున్న ఇద్దరి మీద ఉండేది. చేతులు పైకెత్తి పట్టుకుని పట్టుకుని వణికేవి. తెర తీశాక వాళ్లెటు పోయారో ఎవరూ చూడరు. నీ కూతురు ఇప్పుడు ఆ తెర పట్టుకున్న పిల్ల.

బుజ్జిగాడి మందుల చీటీలో మెథోట్రెక్సేట్ అని ఉంది చూడు, ఆ పసుప్పచ్చ మందు. అది మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనలోంచి వచ్చిందే. అలా వెళ్లిన మనిషి మళ్లీ ఈ గడ్డ తొక్కలేదు, 1948లో అక్కడే పోయారు. ఆయన్ని తప్పు పట్టను, నా మునిమనవడి ఒంట్లో ఆయన మందు ఉంది. కానీ పాతికేళ్లు ఇక్కడ ఎదురుచూసిన ఆయన భార్య శేషగిరిగారి పేరు ఎంతమందికి తెలుసు?

ఈ కాలం సంగతి చెప్పుకుంటే నోరు పాడు. పసివాడి బోడిగుండు ఫొటో స్టేటస్‌లో పెడతారు, కింద వందమంది దణ్ణాల బొమ్మలు. కౌంటు ఎంత, ప్లేట్‌లెట్లు ఎంత అని క్రికెట్ స్కోరులా అడుగుతారు. ఒకరు బొప్పాయాకు రసం అంటారు, ఇంకొకరు గోధుమగడ్డి. మొన్న మీ ఆడపడుచు ఫోన్ చేసి పెద్దదాని చేతికిమ్మంది. "నువ్వే మీ తమ్ముడికి దేవతవమ్మా, నీ వల్లే బతికాడు" అంది. మంచి మనసుతోనే అంది, కాదనను. ఆ రాత్రి పిల్ల నా పక్కలో పడుకుని అడిగింది: "తాతమ్మా, నాది తమ్ముడికి పడకపోతే నన్నేమంటారు?"

తొమ్మిదేళ్ల పిల్ల చిట్టీ అది! నలుగురిలో ఒకరికి కలిస్తే గొప్పట, తోబుట్టువుల్లో అయినా. కలిసిందని మనమంతా ఎగిరి గంతేశాం. కలిసిన పిల్లను ఎవరైనా నీకు భయంగా ఉందా అని అడిగామా? నేనూ అడగలేదు.

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది విను. రోజూ సాయంత్రం ఏడింటికి దానికి ఫోన్ చెయ్యి. పది నిమిషాలు చాలు. కెమెరా నీ మొహానికి పెట్టుకో, వాడి వైపు తిప్పకు. అది అడిగితే తప్ప తమ్ముడి ఊసెత్తకు. నీ వల్లే బతికాడన్న మాట మన ఇంట్లో ఎవరూ అనకూడదు, మీ ఆడపడుచుకు నువ్వే చెప్పు, నేను చెబితే తగాదా అవుతుంది. రేపు వాడి ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, విరేచనాలు పట్టవచ్చు, ఆ జబ్బు పేరేదో డాక్టరు చెప్పారుగా. అప్పుడు ఇది తన మూలుగే చెడ్డదనుకుంటుంది. ఆ డాక్టరమ్మనే ఫోన్లో దానితో మాట్లాడమను. పడినా పడకపోయినా ఇచ్చినవాళ్ల తప్పు ఉండదని ఆవిడ నోట వింటే నమ్ముతుంది, మనం చెబితే బుజ్జగింపు అనుకుంటుంది.

దాని రక్తం ఇక్కడ సంజీవని ఆస్పత్రిలో బుధవారం పరీక్ష చేయిస్తాను. ఐరన్ మందు ఎన్నాళ్లు వెయ్యాలో అడిగి రాసి పంపు, నువ్విచ్చిన సీసా అయిపోవచ్చింది. దానికి థలసీమియా మైనర్ ఉందన్న కాగితం బుజ్జిగాడి ఫైలులోంచి తీసి, దాని పేరు మీద వేరే ఫైలు పెట్టు. పెళ్లీడుకు అది దాని చేతికివ్వాలి. నీకూ మీ ఆయనకూ పెళ్లికి ముందు ఆ ఒక్క పరీక్ష చేయించాలని మా పెద్దవాళ్లలో ఒక్కరికీ తోచలేదు. జాతకాలు మాత్రం మూడుచోట్ల చూపించాం.

డబ్బు గురించి దాని ముందు ఫోన్లో మాట్లాడవద్దని మీ అమ్మకు చెప్పాను. థలసీమియా పిల్లల వైద్యానికి కోల్ ఇండియా వాళ్లిచ్చే పది లక్షలు పోగా ఇంకెంత కావాలో మీ మావయ్యకు లెక్క రాసివ్వు. కొంచెం అని రాయకు, అంకె వెయ్యి.

ఇక మీ ఆయన. వార్డులోకి ఒక్కరినే రానిస్తారు, అతను బయట బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకోవడమేగా. వచ్చే శనివారం కాట్పాడిలో బండెక్కించు. నాలుగు రోజులు ఇక్కడ ఉండాలి, అందులో ఒక్కరోజు కూడా ఆఫీసు పనికి బెజవాడ వెళ్లకూడదు. అతని బదులు మీ మావయ్య అక్కడికి వస్తాడు. గుండె కోత పడ్డవాడే, ఆ వరండాలు వాడికి కొత్త కాదు.

పిల్లకు ముందుగా చెప్పకు. అతను నిజంగా బండెక్కాక ఫోన్ చెయ్యి, అప్పుడు చెబుతాం. పామర్రులో బస్సు దిగితే మీ నాన్న గుడివాడ నుంచి స్కూటరేసుకుని వస్తాడు. బొమ్మలూ గౌన్లూ ఏవీ కొనవద్దని చెప్పు. ఏదో తెస్తే మూలుగు ఇచ్చినందుకు అనుకుంటుంది. చేతులూపుకుంటూ రమ్మను.

మీ అమ్మమ్మ